ఎవరు తీసేసిన్రు?

ఆ మెయిల్లో మొత్తం పదకొండు వాక్యాలు. తర్వాత లెక్కపెట్టాను, లెక్కపెట్టడానికి టైం బాగానే దొరికింది కాబట్టి. పదకొండులో ఎనిమిది కర్మణి. సంస్థ పునర్వ్యవస్థీకరించబడుతోంది. కొన్ని పాత్రలు ప్రభావితం చేయబడ్డాయి. నా పాత్ర వాటిలో ఒకటిగా గుర్తించబడింది. నా లాప్‌టాప్ యాక్సెస్ సాయంత్రం ఆరింటికి తొలగించబడుతుంది. ఇలా సాగుతుంది. కర్త కనిపించేది మూడు వాక్యాల్లోనే: నా సేవలకు ‘మేము’ కృతజ్ఞులం, నా భవిష్యత్తుకు ‘మేము’ శుభాకాంక్షలు చెప్తున్నాం, ఈ కింది ఫారం ‘మీరు’ నింపాలి.

అమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని మెయిల్ తెలుగులో చదివి వినిపించాను. ఎందుకో వాక్యం వాక్యం ఉన్నదున్నట్టు చెప్పాలనిపించింది, రిజిస్ట్రారాఫీసు దస్తావేజులాగా. ‘నా ఉద్యోగం తొలగించబడిందంటమ్మా’ అన్నాను.

అమ్మ ఈనె తీయడం ఆపలేదు. ‘ఏందది? ఎవరు తీసేసిన్రు?’ అంది.

‘ఎవరని లేదమ్మా. కంపెనీ.’

‘కంపెనీ అంటే ఎవరు బిడ్డా? మనిషి ఉంటడు గదా.’

నాకు జవాబు తెలీదు. నిజంగానే తెలీదు. నా మేనేజర్‌కి ముందురోజు రాత్రి వరకూ తెలీదని ఆయనే చెప్పాడు. ఆయన పైవాడు వేరే దేశంలో నిద్రపోతున్నాడు. మీటింగ్‌లో నాతో మాట్లాడిన హెచ్ఆర్ అమ్మాయిని నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పదిహేను నిమిషాల మీటింగ్. ఇన్వైట్‌లో అజెండా ఖాళీ.

మనందరం బళ్ళో కర్తరి, కర్మణి మార్చే వాక్యాలు రాసినవాళ్ళమే. వాల్మీకి రామాయణాన్ని రచించాడు, వాల్మీకి చేత రామాయణం రచింపబడింది. మార్కులు పడ్డాక ఆ రెండో వాక్యాన్ని జన్మలో మళ్ళీ ఎవరూ వాడరు. ‘అన్నం నా చేత తినబడింది’ అన్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? బోర్డుల మీద మాత్రం బతికే ఉంది. ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున నడుస్తుంటే అయిదారు కనిపిస్తాయి: నిషేధించబడినది, మూసివేయబడినది, శిక్షింపబడుదురు. నోరున్న తెలుగు ఈ పని వేరే దారుల్లో చేసుకుంటుంది. ఒకటి అమ్మ దారి, ‘తీసేసిన్రు’. కర్త పేరు చెప్పం, కానీ క్రియ చివర మనుషులున్నారు. ఎవరో కొందరు, పైవాళ్ళు. రెండోది ‘పోయింది’. ఉద్యోగం పోయింది, కరెంటు పోయింది, పరువు పోయింది. ఎవరూ తీయలేదు, దానంతటదే నడిచి వెళ్ళిపోయింది. మూడోది మా తరం కనిపెట్టుకున్నది, ఇంగ్లీషు క్రియ పక్కన ఒక ‘అవు’ తగిలించడం. సెలెక్ట్ అయ్యాను, ట్రాన్స్‌ఫర్ అయ్యాడు, సస్పెండ్ అయ్యాడు, లేఆఫ్ అయ్యాను. ఇవాళ్టి తెలుగులో అసలైన కర్మణి ఇదేనని నా అనుమానం. వ్యాకరణ పుస్తకాలు ఇంకా రామాయణం దగ్గరే ఉన్నాయి.

ఆ వారంలో ఫోన్ చేసినవాళ్ళందరికీ ‘లేఆఫ్ అయ్యా’ అనే చెప్పాను. పెళ్ళి అయింది, వర్షం పడింది లాగా.

లాటిన్ సంగతి ఇక్కడ వస్తుంది. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఏడాది కిందట కొన్న వీలాక్ లాటిన్ పుస్తకం ఇంట్లో పడి ఉంది. 1956లో మొదటిసారి అచ్చయింది, నలభై అధ్యాయాలు, అమెరికాలో కాలేజీ పిల్లలు ఇప్పటికీ దాంతోనే మొదలుపెడతారు. కొన్నప్పుడు కారణం గొప్పగా ఉండేది: వర్జిల్ మీద రాసే వ్యాసాల్లో అనువాదాల గురించి ఊరికే అభిప్రాయాలు చెప్పకుండా మూలం చూడాలని. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నాలుగో అధ్యాయం దాటలేదు. ఇప్పుడు రోజుకి ఒకటి చొప్పున తోసుకుంటూ పోతే, మూడో వారం మొదట్లో పద్దెనిమిదో అధ్యాయం తగిలింది. కర్మణి ప్రయోగం.

చూడ్డానికి చాలా ముచ్చటగా ఉంటుంది. ఇంగ్లీషులాగా రెండు మూడు మాటలు పేర్చక్కర్లేదు. లౌదత్ అంటే పొగుడుతాడు, లౌదాతుర్ అంటే పొగడబడతాడు. చివర్లో ఒక ‘ఉర్’, అంతే. అమో అంటే ప్రేమిస్తాను, అమొర్ అంటే ప్రేమించబడతాను. ఆ అమొరే నామవాచకంగా వాడితే ప్రేమ. రాసేటప్పుడు తేడా ఏమీ లేదు, వాక్యాన్ని బట్టి చూసుకోవాలి. ఇది చదివి ఒక పూట సంతోషంగా ఉన్నాను.

మర్నాడు అదే అధ్యాయంలో రెండో సగం. ‘ఎవరి చేత’ అన్నది లాటిన్‌లో రెండు రకాలుగా చెప్పాలి. చేసింది మనిషి అయితే ‘ఆ’ అనో ‘అబ్’ అనో ఒక ఉపసర్గ ముందు పెట్టి పంచమి లాంటి విభక్తి వాడాలి: అబ్ అమీకో, స్నేహితుడి చేత. అదే పనిముట్టు అయితే ఉపసర్గ పెట్టకూడదు. గ్లాదియో, కత్తితో, అంతే. అంటే ఒక లాటిన్ కుర్రాడు ‘వాడు చంపబడ్డాడు’ అని ఊరుకోవచ్చు గానీ, ఎవరి చేత అని ఒక్క మాట ఎక్కువ చెప్పాలంటే ముందు నిర్ణయించుకోవాలి, చంపినది ప్రాణమున్నదా లేనిదా అని. మన తృతీయకి ఆ బాధ లేదు. చేతన్, చేన్, తోడన్, తోన్. రాముడి చేత, బాణం చేత.

నా మెయిల్‌ని లాటిన్ చేయబోయి అక్కడ ఆగిపోయాను. దీమిస్సా సుమ్, పంపివేయబడ్డాను. పూర్తయిన పనికి లాటిన్ కర్మణి రెండు మాటలవుతుంది, అందులో మొదటిమాట లింగాన్ని బట్టి మారుతుంది. మగవాడయితే దీమిస్సుస్, నేను కాబట్టి దీమిస్సా. తీసినవాడి ఆనవాలు ఎక్కడా లేదు, తీయబడినదాని ఆడో మగో మాత్రం రాయక తప్పదు. సరే, తర్వాత? జీతం, రేటింగ్, సీనియారిటీ కాలమ్స్ వేసి, ఒక ఫార్ములా పెట్టి, గీత కింద ఉన్న పేర్లన్నీ ఎర్ర రంగు చేస్తారని మాకు తర్వాత తెలిసింది. ఆ ఎక్సెల్ షీట్‌కి ‘అబ్’ పెట్టాలా వద్దా? కత్తి లెక్కా, మనిషి లెక్కా? నోట్‌బుక్‌లో ఆ చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

(రోమన్ సైన్యంలో సిపాయిని ఇంటికి పంపడానికి కనీసం పద్ధతులుండేవి. సర్వీసు పూర్తిచేసి గౌరవంగా వెళ్తే హొనెస్తా మిస్సియో. గాయం వల్లో జబ్బు వల్లో అయితే కౌసారియా. తప్పు చేస్తే ఇగ్నోమినియోసా. మనది ఏ రకమో తెలిసేది. నా మెయిల్లో ‘ఇది మీ పనితీరుకు సంబంధించినది కాదు’ అనే వాక్యమూ, నా చివరి రేటింగ్‌ని తలచుకునే ఇంకో వాక్యమూ పక్కపక్కనే ఉన్నాయి.)

పొద్దున నడక తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజీ వరకూ. ఉద్యోగం ఉన్న రోజుల్లో మెట్రోలో రాయదుర్గం పరిగెత్తేదాన్ని, ఇంటికి ఇంత దగ్గర్లో ఇన్ని చెట్లున్నాయని మర్చిపోయాను. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద రోజూ కూర్చునే ఒక సంస్కృతం మాస్టారు పరిచయమయ్యారు, రిటైరయి చాలా ఏళ్ళయిందట. నా చేతిలో లాటిన్ నోట్‌బుక్ చూసి ఆయనే పలకరించారు. నేను ఈతుర్ అనే మాట దగ్గర తికమకపడుతున్నాను ఆ రోజు. వెళ్ళు అనే ధాతువుకి కర్మణి. వెళ్ళడానికి కర్మ ఏముంటుంది, అది అకర్మకం కదా? రైలు ఎక్కబడుతుంది సరే, వెళ్ళబడేది ఏమిటి?

‘భావే ప్రయోగం అమ్మా,’ అన్నారు ఆయన. ‘గమ్యతే. మయా గమ్యతే, నా చేత వెళ్ళబడుచున్నది. కర్త మీదా కర్మ మీదా చూపుండదు, పని మీదే.’

పుగ్నాతుర్ కూడా అంతే. యుద్ధం చేయబడుతోంది. ఎవరు ఎవరితో అన్నది లేదు. పోరు మాత్రం ఉంది. దీన్ని తెలుగు చెయ్యండి సార్ అన్నాను. ఆయన కాస్త ఆలోచించి, ‘పోరాడటం జరుగుతోంది’ అన్నారు. అని ఆయనే నవ్వేశారు. నేనూ నవ్వాను. ఈతుర్, వెళ్ళడం జరుగుతోంది. మన నాయకులూ, టీవీ యాంకర్లూ రోజూ మాట్లాడే తెలుగే ఇది. పరిశీలించడం జరిగింది, ఆదేశాలు ఇవ్వడం జరిగింది, చర్యలు తీసుకోవడం జరుగుతుంది. ఇన్నాళ్ళూ అది చెడ్డ తెలుగని విసుక్కునేదాన్ని. లాటిన్‌లో అనువదించడానికి అంత తేలికైన తెలుగు ఇంకోటి లేదు.

మాస్టారు ఇంకో సంగతి చెప్పారు. సంస్కృతంలో జాయతే, మ్రియతే అని రెండున్నాయి, గీత చదివినవాళ్ళకి పరిచయమే. పుడుతున్నాడు, చనిపోతున్నాడు. చూడ్డానికి కర్మణి రూపాల్లా ఉంటాయి, అర్థం మాత్రం కర్తరి. లాటిన్‌లో వాటి చుట్టాలు నాస్కితుర్, మొరితుర్. అవీ అచ్చంగా అంతే, వేషం కర్మణి, వ్యవహారం కర్తరి. పుట్టడం, చావడం మనమే చేస్తామా, మనకి జరుగుతాయా అని ఆ రెండు భాషలకీ సందేహం ఉన్నట్టుంది.

ఆర్ట్స్ కాలేజీ ముందు కూర్చుని అనువాదం గురించి మాట్లాడుకోవడంలో ఒక వరస ఉంది లెండి. ఈ విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. దానికి ముందు ఏడాదే, 1917లో, ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్ని ఉర్దూ చేయడానికి దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ పెట్టారు. భౌతికశాస్త్రం, గణితం, న్యాయశాస్త్రం, ఇంజనీరింగ్, వైద్యం. ఇంగ్లీషు సైన్సు పుస్తకం అంటేనే కర్మణి వాక్యాల గుట్ట. వాళ్ళకి ఉర్దూలో ఒక సౌకర్యం ఉంది, కియా గయా. ‘చేయబడింది’ అనడానికి ‘వెళ్ళు’ అనే క్రియని తోడు తెచ్చుకుంటారు. అది మాటల్లోనూ నడుస్తుంది, పుస్తకాల్లోనూ నడుస్తుంది. 1948 తర్వాత ఆ ఉర్దూ మాధ్యమం పోయింది. పోయింది అని నేనే రాశాను చూడండి. అమ్మ పక్కనుంటే అడిగేది.

ఉర్దూ ‘వెళ్ళు’ తెచ్చుకుంటే మనం తెచ్చుకున్నది ‘పడు’. రచింపబడు, చేయబడు, తొలగించబడు, ఆ బడు అంతా పడునే. తమిళం, కన్నడం, మలయాళం కూడా ఇదే క్రియతో ఈ పని చేస్తాయి. కాల్డ్వెల్ 1856లో ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణం రాస్తూ, ఈ భాషలకి అసలు సిసలు కర్మణి లేదు పొమ్మన్నాడు. ఈ ‘పడు’ ఉన్నది ఉన్నా, అది వేరే క్రియని అరువు తెచ్చి అతికించినదే కదా అని ఆయన లెక్క. చదివినప్పుడు కాస్త రోషం వచ్చింది గానీ, అమ్మ మాట వింటే ఆయన వైపే ఉన్నట్టుంది.

తర్వాత ముప్పై నాలుగో అధ్యాయం వచ్చింది. నాకీ వ్యాసం రాయాలనిపించింది దానివల్లే. మాస్టారు చెప్పిన రకం క్రియలు లాటిన్‌లో రెండూ మూడూ కాదు, ఒక మంద ఉన్నాయి. వాటిని డిపోనెంట్ అంటారు. విడిచిపెట్టు, పక్కన పెట్టు అనే అర్థమున్న దేపోనెరె నుంచి వచ్చిన పేరు. కర్తరి రూపాన్ని వదిలేసుకున్న క్రియలన్నమాట. పుస్తకం వాటిని బట్టీ పట్టమంటుంది. ఎందుకు కొన్ని క్రియలే ఇలా అని ఏ విద్యార్థైనా అడుగుతాడు. నేను పట్టిక రాసుకుంటూ పక్కన తెలుగు అర్థాలు వేసుకుంటున్నాను, ఇంగ్లీషు అర్థాల కన్నా తొందరగా గుర్తుంటాయని.

వెరెఒర్, భయపడతాను. మీరోర్, ఆశ్చర్యపడతాను. లైతోర్, సంతోషపడతాను. ఈరాస్కొర్, కోపపడతాను. మిసెరెఒర్, జాలిపడతాను.

అయిదోది రాశాక పెన్ను ఆగింది. పైనుంచి మళ్ళీ చూశాను. ఒపీనోర్ అని ఇంకోటి ఉంది. అభిప్రాయపడతాను.

అభిప్రాయపడు! పేపర్లో రోజూ చూస్తాం, ఆయన అభిప్రాయపడ్డారు, ఈమె అభిప్రాయపడ్డారు. అభిప్రాయంలో పడటమేమిటని ఏనాడూ అనుకోలేదు. లాటిన్‌వాడికి అభిప్రాయం కలగడం కర్మణి రూపంలో ఉంటే, ఏ సంబంధమూ లేని తెలుగువాడు అదే చోట ‘పడు’ తగిలించాడు. భయమూ, కోపమూ, జాలీ, ఆశ్చర్యమూ అంతే. మనం చేసే పనుల్లాగే ఉంటాయి కానీ మన చేతిలో ఉండవు. మనమే వాటిలోకి పడతాం. అన్నీ ఇంత బాగా అతకవు, ఆ మాట ఒప్పుకోవాలి. మాట్లాడటం లొక్వొర్, వెంబడించడం సెక్వొర్, వీటికి మన దగ్గర పడు లేదు. ఆశపడు, కష్టపడు, ఇష్టపడు, తొందరపడు వీటికి లాటిన్‌లో మామూలు కర్తరి క్రియలే దొరుకుతాయి. (వెరెఒర్‌ని చూసి వెరపు గుర్తొచ్చింది కదా? నాక్కూడా. అది కేవలం పోలికే, ఆశపడకండి.) అయినా సరే, ఆ రాత్రి పన్నెండున్నరకి తార్నాకలో ఒక ఇంట్లో ఒక నిరుద్యోగి కుర్చీలోంచి లేచి నిలబడింది.

పట్టికలో చివరిది పతియొర్. ఓర్చుకుంటాను, బాధపడతాను. దాని భూతకృదంతం పస్సుస్. ఇంగ్లీషులో పాసివ్, పేషెంట్, ప్యాషన్ మూడూ ఆ ఇంటి పిల్లలే. అంటే కర్మణిని ‘పాసివ్’ అనడంలోనే ‘బాధపడేది’ అన్న అర్థం ఉంది. పేరు పెట్టిన రోమన్ వ్యాకర్తలు బాధపడటం అనుకున్నారు, ప్రత్యయం ఎంచుకున్న మన పూర్వీకులు పడటం అనుకున్నారు. పడటం అంటే మనకీ బాధే కదా. ‘ఎంత పడిందో పాపం’ అంటాం, ఎక్కడి నుంచి అని ఎవరూ అడగరు.

ఇంతవరకూ వచ్చాక ‘బడు’ అంటే తప్పించుకునే మాట, అది ఆఫీసుల భాష అని నాకో సిద్ధాంతం సిద్ధమైపోయింది. కింది వాటాలో ఉండే ఆంటీ దాన్ని పాడుచేసింది. వాళ్ళు చర్చికి వెళ్తారు. ఒక సాయంత్రం అమ్మతో కబుర్లు చెప్తూ, ‘నేను రక్షింపబడిన సంవత్సరమే మా పెద్దోడు పుట్టాడు వదినా’ అంది. ఎంత మామూలుగా అందంటే, పాలు పొంగినయ్ అన్నట్టు. నేను చెవులు రిక్కించాను. బోర్డు కాదు, మెయిల్ కాదు. నోటితో, వాడుకలో, ఇంటి మెట్ల మీద సజీవమైన కర్మణి. తెలుగు క్రైస్తవుల మాటల్లో ఇది ఎంత సహజమో అప్పటిదాకా పట్టించుకోలేదు. రక్షింపబడ్డాను, ఆశీర్వదింపబడ్డాం, అభిషేకించబడినవాడు. చేసినవాడెవరో అందరికీ తెలుసు, ఇక చెప్పక్కర్లేదు. పైగా ‘నేను చేసుకున్నది కాదు’ అని చెప్పడమే ఆ వాక్యం పని. బైబిలు చదువుకునేవాళ్ళు దీన్ని దైవ కర్మణి అంటారట, దేవుడి పేరు ఎత్తకుండా దేవుడే చేశాడని చెప్పే పద్ధతి. 1960ల మొదట్లో కూడా సికింద్రాబాద్ సెయింట్ మేరీస్‌లో పూజ లాటిన్‌లోనే జరిగేది, అందులో క్రూసిఫిక్సుస్ అన్నచోట మన దగ్గర ‘సిలువ వేయబడి’. అదే విశ్వాసంలో పస్సియో అన్నదానికి తెలుగు క్రైస్తవులు శ్రమలు అంటారు.

అంటే కర్త లేకపోవడం రెండు రకాలు. ఆంటీ వాక్యంలో కర్త అందరికన్నా పెద్దవాడు కాబట్టి పేరు లేదు. నా మెయిల్లో? మెయిల్ రాసినవాళ్ళు కూడా అలా అనిపించాలనే రాశారేమో.

అమ్మ మాత్రం తన ప్రశ్న వదల్లేదు. నెలన్నర తర్వాత ఒకరోజు బట్టలు మడతపెడుతూ ఉన్నట్టుండి, ‘ఆ మీటింగుల మాట్లాడిన పిల్ల ఎంత వయసుంటది?’ అని అడిగింది.

‘ఇరవయ్యారో ఏడో.’

‘ఆమెనా తీసేసింది?’

‘కాదమ్మా, తనకేం తెలుసు. తనకిచ్చిన కాయితం చదివింది.’

‘అట్ల చెప్పు మరి. ఆ పిల్లతోని చెప్పిచ్చిన్రు.’

నేను లాటిన్‌లో ఖాళీ వదిలిన చోటు అమ్మ నింపేసింది. అమ్మ ‘చేత’ అనదు, ‘తోని’ అంటుంది. రెండూ ఆ తృతీయే. బడి వ్యాకరణంలో ‘చేత’ అంటే అసలు చేసినవాడు, వాల్మీకి. బతికున్న తెలుగులో చేత గానీ తోని గానీ మనిషికి తగిలేది ఇంకోచోట: చెప్పించు, రాయించు, చేయించు. అక్కడ ‘చేత’ అసలు కర్తకి రాదు. వేరొకరు చేయమంటే చేసినవాడికి వస్తుంది. పనిమనిషి చేత చేయించాను. కొడుకుతోని రాయిచ్చిన. కత్తీ మనిషీ తేడా లాటిన్‌కి తెలుసు, కత్తిలా వాడబడిన మనిషికి లాటిన్‌లో ఏం పెట్టాలో ఆ పుస్తకంలో నాకు దొరకలేదు. అమ్మకి ఒక్క ‘తోని’, ఒక్క ‘ఇచ్చు’ చాలు. పైన చెప్పించినవాళ్ళు, మధ్యలో చెప్పిన పిల్ల, కింద నేను, ముగ్గురూ వాక్యంలోకి వచ్చేశారు.

చాలా బాగుందనుకున్నాను. రాత్రి పడుకున్నాక బాగాలేదు.

ఎందుకంటే, అంతకు ఏడాది ముందు ఇంకో విడత జరిగింది. చిన్నది. అప్పుడు నేను టీమ్ లీడ్‌ని. ఏడుగురు పేర్లున్న షీట్ వచ్చింది, ప్రతి పేరు పక్కన ‘ఇంపాక్ట్’ అని ఒక గడి. ఎక్కువ, మధ్యస్థం, తక్కువ. ఒక్కరికైనా తక్కువ వేయాలి, అందరికీ మధ్యస్థం వేస్తే షీట్ వెనక్కొస్తుందని చెప్పారు. ఒక కుర్రాడికి తక్కువ వేశాను. చేరి పద్నాలుగు నెలలయింది, నెమ్మదస్థుడు, మాట తక్కువ. అతను రాసిన కోడ్ నేను తిరగరాయాల్సి వచ్చిన సందర్భాలు రెండున్నాయి. మిగతావాళ్ళవి ఎన్నున్నాయో నేను లెక్కపెట్టలేదు.

పంపేసిన రోజు సాయంత్రం ఫోన్ చేశాడు. ‘అక్కా, మీకు ముందే తెలుసా? నా గురించి మీరేమైనా…’ అని ఆపేశాడు. నేనేమన్నానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ‘పై లెవెల్లో డిసైడ్ అయిందిరా. మన చేతిలో ఏం లేదు.’

డిసైడ్ అయింది. ఎవరూ చేయలేదు, అయింది. మా వృత్తిలో ఏదైనా కూలితే రిపోర్ట్ ఇలాగే రాస్తాం, తప్పుడు కాన్ఫిగరేషన్ పంపబడింది, సర్వర్లు ఆగిపోయాయి అని. మనుషుల్ని నిందించకుండా వ్యవస్థని సరిచేయడానికి అది మంచి పద్ధతే, ఇప్పటికీ నమ్ముతాను. అదే వృత్తిలో గిట్ బ్లేమ్ అని ఒక కమాండ్ కూడా ఉంది. ఏ లైను ఎవరు రాశారో తేదీతో సహా చూపిస్తుంది. ఆ షీట్ మీద అలాంటి కమాండ్ కొడితే ఆ గడి పక్కన నా పేరే వస్తుంది.

అమ్మ ఇచ్చిన వాక్యం నాకూ సరిపోతుంది కదా అని చూసుకున్నాను. నాతోని రాయిచ్చిన్రు. అబద్ధం కాదు. నా మేనేజర్ చేత అడిగించారు, నా చేత రాయించారు, ఆ హెచ్ఆర్ అమ్మాయి లాంటి ఇంకెవరి చేతో చెప్పించారు. ఎంత దూరమైనా సాగుతుంది ఇది. ‘బడు’లో దాక్కోడం కష్టమనుకుంటే ‘ఇంచు’లో ఇంకా చోటుంది. కానీ ఆ ఏడుగురిలో ఆ పేరే ఎంచమని నన్నెవరూ అనలేదు.

అజెండా కూడా లాటిన్ మాటే. చేయబడవలసినవి అని అర్థం. మన కర్తవ్యం, కరణీయం సరిగ్గా అలాంటి నిర్మాణాలే. నోట్‌బుక్‌లో ఆ పేజీ పైన అజెండా అని రాసి, కింద అతనికి పంపాల్సిన మెసేజ్ అయిదారు రకాలుగా రాసుకున్నాను. మొదటిది, ‘నీ విషయంలో అన్యాయం జరిగింది’. కొట్టేశాను. రెండోది, ‘నా వల్ల నీ పేరు లిస్టులో చేరింది’. చేరింది అట, బస్సు స్టాండుకి చేరినట్టు. మూడోది, ‘నా చేత రాయించారు’. నాలుగోది లాటిన్‌లో రాశాను, సిగ్గుపడకుండా రాయొచ్చని. స్క్రీప్సీ. ఒకే మాట, రాశాను. నేను అనే మాట విడిగా లేదు, చివరి ఈకారంలో ఉంది. తెలుగులోనూ అంతే, ‘రాశాను’ అంటే ఆ ‘ను’ తీసి దాచడానికి వీల్లేదు.

అప్పుడతను వేరే ఊళ్ళో వేరే కంపెనీలో ఉన్నాడని తెలుసు. బానే ఉన్నాడని కూడా విన్నాను. ఏడాది తర్వాత ఇది పంపడం అతని కోసమా, నా కోసమా అని రెండు రోజులు ఆగాను. మూడో రోజు పొద్దున ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని, మాస్టారు రాకముందే, వాట్సాప్‌లో టైప్ చేశాను.

‘ఆ రోజు ఫోన్లో నీకు అబద్ధం చెప్పాను. షీట్‌లో నీ పేరు పక్కన తక్కువ అని నేనే రాశాను. ఇంకెవరి పేరైనా రాసి ఉండొచ్చు, నీది రాశాను. చెప్పాలనిపించింది.’

రెండు నీలం టిక్కులు వచ్చాయి. మాస్టారు వచ్చారు, ఆ రోజు దేని గురించి మాట్లాడుకున్నామో నాకు గుర్తులేదు. క్యాంపస్ దాటి తార్నాక చౌరస్తా దగ్గర రోడ్డు దాటుతుంటే ఫోన్ మోగింది. అవతలి పక్కకి వచ్చాక చూశాను.

‘తెలుసక్కా. షీట్‌కి యాక్సెస్ తీయడం ఎవరో మర్చిపోయారు. ఫోన్ చేసే ముందే కనబడింది.’